బాండ్లు రద్దయ్యాయి సరే, మా ఊళ్లో చందాలు ఎందుకు ఆగలేదు?

సిమెంటు_కొట్టు
మాది పల్నాడులో ఒక మండల కేంద్రం. సిమెంటు, ఇనుము వ్యాపారం. 2024 ఎన్నికలకు ముందు మా వ్యాపారుల సంఘం మీటింగు పెట్టి కొట్టుకు ఇంత అని తేల్చింది. రెండు పార్టీలకీ ఇవ్వాలి, గెలుస్తారనుకున్న వాళ్లకి కాస్త ఎక్కువ, అంతే తేడా. రశీదు ఇస్తారా అని అడిగితే సంఘం పెద్దలు నా మొహం చూసి నవ్వారు. ఇప్పుడు స్థానిక ఎన్నికల మాట వినపడగానే మళ్లీ అదే మీటింగు.

టీవీలో చూస్తే ఎలక్టోరల్ బాండ్లు (బ్యాంకులో కొని, పేరు బయటికి రాకుండా పార్టీలకి ఇచ్చే పత్రాలు) కొన్న కంపెనీలకి ప్రాజెక్టులు వచ్చాయని ఒకటే చర్చ. సరే, మరి నేనిచ్చిన దానికి నాకేం వచ్చింది? కొట్టు ముందు మురుగు కాలవ ఎలా ఉందో అలాగే ఉంది. పైగా నా దగ్గర అరువుకి సిమెంటు తీసుకున్న కాంట్రాక్టరు, బిల్లులు పడలేదంటూ ఏడాదిగా తిప్పుతున్నాడు. ఆయన కూడా అదే పార్టీకి ఇచ్చాడు!

అడిగేది ఒకటే. మన రెండు రాష్ట్రాల్లో ఎమ్మెల్యేల్ని, మంత్రుల్ని నిజంగా ఆడించేది ఎవరు? బాండ్ల కంపెనీలా, మాలాంటి చిల్లర దాతలా, ఇంకెవరైనానా? పార్టీ డప్పు వద్దు, తెలిసిన విషయం చెప్పండి.

టీ_బ్రేక్
నువ్వు ఇచ్చింది చందా కాదన్నా, కొట్టు ముందు కాలవ తప్ప ఇంకేం రాకుండా ఉండటానికి కట్టిన ప్రీమియం.

చిట్టా_ఆడిటర్
ముందు చట్టం సంగతి. 2017 నుంచి ఒక వ్యక్తి దగ్గర పార్టీ 2,000 రూపాయలకు మించి నగదు తీసుకోకూడదు. అంతకు మించితే చెక్కు, డీడీ, ఆన్‌లైన్. ఏడాదిలో 20,000 దాటి ఇచ్చిన వాళ్ల పేర్లు పార్టీ ఎన్నికల సంఘానికి జాబితా రాసి ఇవ్వాలి. బ్యాంకు ద్వారా ఇస్తే మీకు పాత పద్ధతిలో పన్ను మినహాయింపు కూడా వస్తుంది. నగదుకి రాదు.

కాబట్టి రశీదు అడగడంలో నవ్వాల్సింది ఏమీ లేదు. వాళ్లు నవ్వింది ఎందుకంటే, మీ డబ్బు పార్టీకి చేరడం లేదు. అభ్యర్థికి, అతని మనుషులకి చేరుతోంది. ఆ డబ్బు ఏ పుస్తకంలోనూ ఉండదు.

పాలమూరు_పిల్లోడు
చిల్లర సంగతి తర్వాత, పెద్ద లెక్క చూడండి. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న బాండ్ల పథకం కొట్టేసింది. మార్చిలో స్టేట్ బ్యాంకు ఇచ్చిన వివరాలు బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి లెక్క. దేశంలో రెండో పెద్ద కొనుగోలుదారు మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. మొదటిది లాటరీల కంపెనీ.

తీసుకున్న పార్టీల్లో బీజేపీ మొదటిది, 6,000 కోట్ల పైన. తర్వాత తృణమూల్, కాంగ్రెస్. నాలుగో స్థానంలో ఎవరో తెలుసా? 17 లోక్‌సభ సీట్లున్న రాష్ట్రానికి చెందిన మా బీఆర్‌ఎస్. 1,200 కోట్ల పైచిలుకు! వైసీపీకి 337, టీడీపీకి 219, జనసేనకి 21. మేఘా ఒక్కటే బీజేపీకి 584 కోట్లు, బీఆర్‌ఎస్‌కి 195 కోట్లు ఇచ్చింది. కాళేశ్వరం కట్టిందెవరో, మేడిగడ్డ కుంగిందెందుకో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇంకా ఎవరు ఆడిస్తున్నారని అడుగుతారేంటి?

టీ_బ్రేక్
మెగా అంటే చిరంజీవి అనుకునేవాణ్ణి. మేఘా అని ఇంకొకరున్నారని 2024 మార్చిలోనే తెలిసింది.

మిర్చి_యార్డు
@పాలమూరు_పిల్లోడు తమ్ముడూ, ఆవేశంలో అన్నీ కలిపేస్తున్నావ్. మేడిగడ్డ బ్యారేజీ కట్టింది ఎల్ అండ్ టీ. అన్నారం అఫ్కాన్స్, సుందిళ్ల నవయుగ. మేఘావి పంపుహౌసులు. 2023 అక్టోబర్‌లో కుంగింది మేడిగడ్డ పియర్లు. బాండ్లకీ దానికీ ముడి పెట్టాలంటే ముందు ఎవరు ఏది కట్టారో చూసుకోవాలి.

రెండో మాట. కంపెనీ బ్యాంకులో కొని, బ్యాంకు ద్వారా ఇచ్చింది. తెల్ల డబ్బు. సంచుల్లో ఇవ్వడం కంటే ఇది నయం కాదా? ఈ కంపెనీలు అన్ని పార్టీలకీ ఇచ్చాయి. అలాంటప్పుడు ఎవరిని కొన్నట్టు?

పాలమూరు_పిల్లోడు
సరే, బ్యారేజీ ఎల్ అండ్ టీది. 195 కోట్లు మాత్రం మారవు కదా. తెల్ల డబ్బే అయితే పేరు దాచడమెందుకు? ఇచ్చినవాడికి తెలుసు, తీసుకున్నవాడికి తెలుసు, బ్యాంకుకి తెలుసు. ఓటేసినవాడికి ఒక్కడికే తెలియకూడదు. కోర్టు తప్పు పట్టింది దాన్నే.

అన్ని పార్టీలకీ ఇచ్చాయి అంటున్నావు, అదే కదా అసలు సంగతి! యశోద హాస్పిటల్స్ సంగతి చూడు. బీఆర్‌ఎస్‌కి 94 కోట్లు, కాంగ్రెస్‌కి 64 కోట్లు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. ఎవరొచ్చినా తలుపు తీసే ఉంటుంది.

చిట్టా_ఆడిటర్
చిన్న చేర్పు. కంపెనీలు సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకి ఇవ్వకూడదని పాత నియమం. బాండ్ల కోసం 2017లో దాన్ని ఎత్తేశారు. లాభం లేని కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వొచ్చన్నమాట. తీర్పుతో ఆ హద్దు తిరిగి వచ్చింది. అయితే ఎలక్టోరల్ ట్రస్టులు మిగిలాయి, 2013 నాటి పథకం. కంపెనీ ట్రస్టుకి ఇస్తుంది, ట్రస్టు పార్టీలకి పంచుతుంది. 2022-23లో ప్రూడెంట్ ట్రస్టు పంచింది 363 కోట్లు. బీజేపీకి 256, బీఆర్‌ఎస్‌కి 90, వైసీపీకి 16. మిగతా ముక్క ఆప్‌కి. ఆ ఏడాది ట్రస్టుకి పెద్ద దాతల్లో మేఘా కూడా ఉంది, 87 కోట్లు. అంటే బాండ్లు నడుస్తున్నప్పుడు కూడా రెండో దారి ఉంది.

ట్రస్టుల్లో దాతల పేర్లు బయటపడతాయి. ఎవరి డబ్బు ఏ పార్టీకి వెళ్లిందో మాత్రం ఒక్కో పైసా విడదీసి చెప్పలేం.

క్లాస్_త్రీ
నేను చిన్న కాంట్రాక్టర్ని. సీసీ రోడ్లు, డ్రెయిన్లు, స్కూలు ప్రహరీలు. మీరు మాట్లాడుతున్న కోట్లు నాకు తెలియవు, కింద జరిగేది చెప్తా.

పని ఎవరికి రావాలన్నది టెండరు పెట్టకముందే తేలుతుంది. అంచనా విలువ విడగొట్టి చిన్న ముక్కలు చేస్తే టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చెయ్యొచ్చు. ఎమ్మెల్యే మనిషి ఒకడు ఉంటాడు, అతనికి శాతం ముందే కట్టాలి. ఇదంతా అందరికీ తెలిసిందే, దాని గురించి కాదు నా పోస్టు. అసలు పట్టు బిల్లు దగ్గర ఉంటుంది. ఏఈ (కింది ఇంజినీరు) ఎం-బుక్ రాస్తాడు, అంటే పని కొలతల పుస్తకం, పై ఇంజినీరు డీఈ చెక్ చేస్తాడు, సీఎఫ్‌ఎంఎస్‌లోకి, అంటే ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థలోకి ఎక్కుతుంది. అక్కడ ఆగుతుంది. డబ్బు లేదంటారు. నా వెనకాల పని చేసినవాడి బిల్లు నాకంటే ముందు పడుతుంది. ఎందుకు పడింది అని అడిగితే పై నుంచి లిస్టు వచ్చిందంటారు.

ప్రభుత్వం మారితే ఇంకో కథ. 2014-19 మధ్య ఉపాధి హామీ మెటీరియల్ పనులు చేసినవాళ్ల బిల్లులు 2019 తర్వాత ఆగిపోయాయి. పని చేసినవాళ్లు పాత పార్టీ మనుషులని. హైకోర్టుకి వెళ్తే 2021లో 12 శాతం వడ్డీతో కట్టమని తీర్పు వచ్చింది. తీర్పు వచ్చేదాకా అప్పు తెచ్చినవాడు నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టుకుంటూనే ఉన్నాడు. తెలంగాణలోనూ అంతే, 2025 మార్చిలో చిన్న కాంట్రాక్టర్లు బిల్లుల కోసం సచివాలయంలో ఉపముఖ్యమంత్రి ఛాంబర్ ముందు బైఠాయించారు.

కాబట్టి @సిమెంటు_కొట్టు, రెండు పార్టీలకీ ఎందుకు ఇస్తారంటే ఏదో పని కావాలని కాదు. చేసిన పనికి డబ్బు ఆగకూడదని. మేఘా ఇచ్చినా నేనిచ్చినా ఆ భయం ఒకటేనని నా అనుమానం. వాళ్ల బిల్లులో సున్నాలు ఎక్కువ.

సిమెంటు_కొట్టు
@క్లాస్_త్రీ నా బాకీదారు కూడా అచ్చం ఇదే చెప్పాడు. అబద్ధం అనుకున్నా. సీఎఫ్‌ఎంఎస్ అంటే ఏంటో ఇవాళ తెలిసింది.

మిర్చి_యార్డు
డబ్బే గెలిపిస్తే 1,200 కోట్లు తీసుకున్న బీఆర్‌ఎస్‌కి 2024లో ఒక్క ఎంపీ కూడా ఎందుకు రాలేదు? వైసీపీ 151 నుంచి 11కి ఎందుకు పడింది? దాతల శక్తిని మరీ పెద్దది చేసి చూపిస్తున్నారు ఇక్కడ. జనం తలచుకుంటే ఎవరి డబ్బూ నిలబడదు.

రాధ_రచ్చబండ
@మిర్చి_యార్డు మీ ప్రశ్న మంచిదే, దిశ వేరు. దాత డబ్బు పెట్టేది ఎవరు గెలవాలన్న దాని మీద కాదు, గెలిచినవాడు ఎవరైనా తన ఫోను ఎత్తాలన్న దాని మీద. అందుకే ఓడిన పార్టీకి ఇచ్చినవాడు నష్టపోడు.

ఇంకో సంగతి. మనం ఇంకా దాత వేరు, నాయకుడు వేరు అనుకుని మాట్లాడుతున్నాం. మన దగ్గర ఆ కాలం ఎప్పుడో పోయింది. 2016లో ఏపీ స్పీకర్‌గా ఉన్న కోడెల శివప్రసాదరావు టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు: 1983లో తన ఎన్నికకి 30 వేలు అయ్యింది, అదీ ఊళ్లవాళ్లు చందాలేసుకుని ఇచ్చారు, 2014లో 11 కోట్ల 50 లక్షలు అయ్యింది అని. అప్పుడు అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 28 లక్షలు. దాని మీద కరీంనగర్‌లో కేసు కూడా పడింది. ఆయన ఒక్కడే అంత పెట్టాడని కాదు, ఆయన ఒక్కడే పైకి అన్నాడు.

11 కోట్లు చందాలతో పోగు చేసే డాక్టరుగారో ప్లీడరుగారో ఇప్పుడు లేరు. పార్టీలు టికెట్ ఇచ్చేటప్పుడు మొదట అడిగేది ఎంత పెట్టుకోగలవు అని. దాంతో ఏమైంది? కాలేజీల వాళ్లు, కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు చందా ఇచ్చి పని చేయించుకోవడం మానేసి టికెట్టే తెచ్చుకున్నారు. నారాయణ విద్యాసంస్థల వ్యవస్థాపకుడు ఏపీలో రెండోసారి మున్సిపల్ మంత్రి. తెలంగాణలో కాలేజీల మల్లారెడ్డి గారు 2023 దాకా మంత్రి, కాలేజీలకీ మంత్రి పదవికీ మధ్య పెద్ద దూరం లేదు. 2024లో గుంటూరు టీడీపీ అభ్యర్థి పెమ్మసాని అఫిడవిట్‌లో కుటుంబం ఆస్తి 5,700 కోట్లు దాటింది, ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద అదే ఎక్కువ. చేవెళ్ల బీజేపీ అభ్యర్థి కొండా విశ్వేశ్వర్ రెడ్డిది 4,500 కోట్ల పైన. వీళ్లు తప్పు చేశారని అనడం లేదు. ఫీజుల మీద చట్టం చేయాల్సిన సభలో కాలేజీల యజమానులు కూర్చుంటే ఇక లాబీయింగు ఎవరు ఎవరికి చేయాలి?

బాండ్ల జాబితాలో నాకు బాగా నచ్చిన ముక్క సీఎం రమేష్ గారిది. ఆయన బీజేపీ ఎంపీ. ఆయన స్థాపించిన రిత్విక్ ప్రాజెక్ట్స్ 45 కోట్ల బాండ్లు కొంటే అందులో 30 కోట్లు వెళ్లింది కాంగ్రెస్‌కి! సొంత పార్టీకి 5 కోట్లు.

టీ_బ్రేక్
దాన్నే ప్రతిపక్షాన్ని బలపరచడం అంటారు. ప్రజాస్వామ్యానికి మంచిది.

చిట్టా_ఆడిటర్
@రాధ_రచ్చబండ గారు చెప్పిన దానికి చట్టంలో ఒక కంత ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం ప్రభుత్వంతో తన వ్యాపారానికి నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నవాడు అభ్యర్థిగా అనర్హుడు. కానీ కాంట్రాక్టు అతని పేరు మీద ఉంటేనే. కంపెనీ పేరు మీద ఉంటే, కంపెనీ వేరే వ్యక్తి కింద లెక్క. డైరెక్టరుగా రాజీనామా చేసి, భార్యనో కొడుకునో కూర్చోబెడితే నామినేషన్‌కి అడ్డు లేదు. మన దగ్గర పెద్ద కాంట్రాక్టర్లెవరూ 9ఏ కింద ఇరుక్కోకపోవడానికి కారణం అదే.

పీఆర్సీ_మాస్టారు
డబ్బున్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఒత్తిడి తేవాలంటే డబ్బే అక్కర్లేదు. 2022 జనవరిలో ఏపీ ప్రభుత్వం జీతాల సవరణలో ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) 23 శాతం ఇచ్చింది, అప్పటికే తీసుకుంటున్న మధ్యంతర భృతి 27 శాతం. జీతం పెరగాల్సింది పోయి తగ్గే పరిస్థితి. ఫిబ్రవరి 3న చలో విజయవాడకి ఎన్ని చోట్ల ఆపినా ఉద్యోగులు, టీచర్లు వేలల్లో వచ్చారు. తర్వాత చర్చలకి పిలిచారు, ఇంటి అద్దె భత్యంలో కోతలు సవరించారు. మేం ఏ పార్టీకీ రూపాయి ఇవ్వలేదు. పోస్టల్ బ్యాలెట్ ఉంది, ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి, పోలింగ్ బూత్‌లో కూర్చునేది మేమే.

టీ_బ్రేక్
మాస్టారూ, చివరి ముక్క బెదిరింపులా ఉంది.

పీఆర్సీ_మాస్టారు
బూత్ డ్యూటీ ఎండలో చేసేవాడికి తెలుస్తుంది నాయనా, బెదిరించే ఓపిక ఉండదు.

సంఘం_లీడర్
మాస్టారు గారూ, మీకు సంఘం ఉంది, చర్చలకి పిలుస్తారు. అంగన్‌వాడీ వాళ్లు 2023 డిసెంబర్ నుంచి నెలకి పైగా సమ్మె చేస్తే ఏపీలో ఎస్మా (సమ్మెని నిషేధించే చట్టం) పెట్టారు. సంఘం ఉంటే సరిపోదు, ఎవరి సంఘం అన్నది కూడా ఉంటుంది.

నేను పొదుపు సంఘం లీడర్ని. ఎన్నికలు వచ్చాయంటే మొదటి ఫోను మాకే. రెండు పార్టీల నుంచీ. మీటింగుకి పది మందిని తీసుకురా, ఆటో డబ్బులు ఇస్తాం, చీర ఇస్తాం. ఓటు డబ్బు ఇంటింటికీ పంచడానికి మగవాళ్లని నమ్మరు, దారిలో తాగేస్తారని. మా చేతికి ఇస్తారు. టీవీలో కూర్చుని జనం అమ్ముడుపోయారని అంటారే, వాళ్లు ఒక్కసారి మా వీధిలో కవరు వద్దని చెప్పి చూడాలి. వద్దంటే అవతలి పార్టీ అని ముద్ర. రేపు పింఛను కాగితం మీద సంతకం కావాలన్నా, ఇంటి స్థలం లిస్టులో పేరు కావాలన్నా ఆ ముద్ర గుర్తుంటుంది. తీసుకుని నచ్చినవాళ్లకి ఓటేస్తారు చాలామంది. నేనూ అంతే.

మిర్చి_యార్డు
2021 హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో రోడ్డెక్కారు కదమ్మా. అదీ భయమేనా?

సంఘం_లీడర్
పక్క వీధికి ఇచ్చి మాకు ఎందుకు ఇవ్వలేదని అడిగారు. నాయకుడు తిన్నాడని అనుమానం. రేషన్ తక్కువ తూచినా అలాగే అడుగుతారు. తప్పేనండీ, కాదనను. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లని కదా ముందు అడగాల్సింది.

మాజీ_డీటీ
ఎన్నికల ఖర్చు పర్యవేక్షణ టీముల్లో పనిచేసి రిటైరయ్యాను. చూసిందే రాస్తాను.

ఇప్పుడు మన రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, లోక్‌సభకి 95 లక్షలు, 2022 నుంచి. అభ్యర్థి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. రిజిస్టరు ఇస్తాం. రోజువారీ ఖర్చుకి తెల్ల పేజీలు, నగదుకి గులాబీ, బ్యాంకుకి పసుపు. ప్రచార సమయంలో మూడుసార్లు చూపించాలి. మా వైపు నుంచి నీడ రిజిస్టరు ఒకటి రాస్తాం. కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత, టిఫినుకి ఇంత అని జిల్లాలో రేట్ల పట్టిక ఉంటుంది. సభకి వీడియో తీసి కుర్చీలు లెక్కపెట్టడం నా పని. లెక్కపెట్టాను కూడా. అభ్యర్థి అకౌంటెంటు వచ్చి, సార్ 500 కుర్చీలు రాశారు, 50 ఖాళీగా ఉన్నాయి కదా, అవి తీసెయ్యండి అని వాదించేవాడు. ఆ వాదన జరుగుతుండగానే ఊళ్లో వేరే చోట కవర్లు పంచుతుంటారు. కుర్చీకి లెక్క ఉంది, కవరుకి లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పరిమితి అభ్యర్థికే. పార్టీ ఖర్చుకి పరిమితే లేదు. స్టార్ ప్రచారకుల హెలికాప్టరు అభ్యర్థి ఖాతాలోకి రాదు. బాండ్ల డబ్బు, ట్రస్టుల డబ్బు వెళ్లేది అక్కడికి. సిమెంటు కొట్టు డబ్బు వెళ్లేది కవర్లోకి. పై డబ్బుకి పుస్తకం ఉంది, కింది డబ్బుకి పుస్తకమే లేదు. తీర్పు వల్ల మారింది పైదే.

డల్లాస్_బాబాయ్
మేమున్న టెక్సస్ సంగతి చెప్తాను, పోల్చుకోండి. ఇక్కడ రాష్ట్ర శాసనసభ అభ్యర్థికి ఒక మనిషి ఎంతైనా ఇవ్వొచ్చు, పరిమితి లేదు. కంపెనీలు మాత్రం అభ్యర్థికి నేరుగా ఇవ్వకూడదు. ఎవరు ఎంత ఇచ్చారో ఎథిక్స్ కమిషన్ సైట్లో వెతుక్కోవచ్చు. సభ రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటుంది, ఆ రోజుల్లోనూ దానికి నెల ముందు నుంచీ శాసనసభ్యులు చందాలు తీసుకోకూడదు. అలాగని ఇక్కడ అంతా సవ్యంగా ఉందనుకోకండి, చమురు డబ్బు మాట చెల్లుబాటు అవుతూనే ఉంటుంది. కాకపోతే ఎవరి మాట చెల్లుతోందో కంటికి కనిపిస్తుంది.

మనవాళ్ల సంగతి వేరు. 2024లో ఊళ్లకి టికెట్లు కొనుక్కుని వెళ్లి ప్రచారం చేసినవాళ్లు చాలామంది. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై ఇస్తే చట్టంలో ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక మాత్రం విదేశీ డబ్బు కింద లెక్క, ఇవ్వకూడదు. అయినా బావమరిది ఖాతాలోకి పంపేవాళ్లు ఉన్నారు.

రాధ_రచ్చబండ
ఏం ఆశించి పంపుతారు బాబాయ్? అక్కడుండి మీకు బిల్లుల బాధ లేదుగా.

డల్లాస్_బాబాయ్
కొందరికి ఊళ్లో పొలం, విజయవాడ చుట్టుపక్కల ప్లాట్లు. కొందరికి కులం. చాలామందికి నాయకుడు ఇక్కడికి వచ్చినప్పుడు పక్కన నిలబడి ఫోటో. నవ్వకండి, నిజమే చెప్తున్నా.

నిర్వాహకుడు
కులం పేర్లు ఎత్తిన 3 పోస్టులు తీసేశాం. బాండ్ల జాబితా లాంటి బహిరంగ లెక్కలు రాయొచ్చు. మీ ఊరి ఎమ్మెల్యే ఇంత తిన్నాడని పేరు పెట్టి రాయొద్దు.

టీ_బ్రేక్
పేరు పెట్టకుండా రాస్తే 294 మందికీ సరిపోతుంది, అదే సౌకర్యం.

ఆర్మూర్_పసుపు
డబ్బు లేనివాళ్లు ఏం చేయగలరో మా జిల్లా చూపించింది. 2019లో పసుపు బోర్డు, పసుపుకీ ఎర్రజొన్నకీ ధర కావాలని నిజామాబాద్ లోక్‌సభకి 178 మంది రైతులు నామినేషన్ వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. యంత్రాలు చాలక కొత్త రకం ఈవీఎంలు తెప్పించి, బూతుకి 12 చొప్పున పేర్చారు. డిపాజిట్ తలకి 25,000. లెక్కేయండి, అందరిదీ కలిపితే 45 లక్షల లోపే. అప్పట్లో ఒక ఎంపీ అభ్యర్థి చట్టప్రకారం పెట్టుకోగల ఖర్చు 70 లక్షలు. దానికంటే తక్కువ డబ్బుతో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కూతురు కవిత ఓడిపోయిన ఎన్నిక అది. గెలిచిన బీజేపీ అభ్యర్థి అర్వింద్ బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు.

టీ_బ్రేక్
అదీ ఎలక్టోరల్ బాండే!

మిర్చి_యార్డు
కవిత ఓడింది రైతుల వల్లేనా అన్నది చర్చించాల్సిందే. బోర్డు 2025 జనవరిలో వచ్చింది, ఎన్నిక అయిన ఆరేళ్లకి. బాండ్లు కొన్నవాళ్లకి కూడా ఆరేళ్లు పట్టిందా?

ఆర్మూర్_పసుపు
పట్టదు. వాళ్లు వరసలో ముందు నిలబడతారు. కానీ వచ్చిందిగా, నిజామాబాద్‌లోనే ఆఫీసు పెట్టారుగా.

మాజీ_డీటీ
ఆర్మూర్ వారూ, మీకంటే ముందు నల్గొండ ఉంది. 1996లో ఫ్లోరైడు నీళ్ల సమస్య దేశానికి తెలియాలని లోక్‌సభకి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు పుస్తకంలా అచ్చేయాల్సొచ్చింది. అప్పుడు డిపాజిట్ 500. ఆ ఏడాదే దాన్ని 10,000 చేశారు. తర్వాత 25,000. అంటే నల్గొండ బీదవాళ్లు వాడిన దారి ఖరీదు వెంటనే ఇరవై రెట్లు పెరిగింది. కంపెనీల విషయంలో 7.5 శాతం హద్దు ఎత్తేసినప్పుడు జరిగింది దీనికి సరిగ్గా తిరగేసినట్టు.

క్లాస్_త్రీ
ఈ పోస్టు సేవ్ చేసుకున్నా సార్.

పాలమూరు_పిల్లోడు
మరి పరిష్కారం? ఎన్నికల ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలని కొందరు అంటారు.

చిట్టా_ఆడిటర్
ప్రభుత్వం పెడితే తెల్ల పేజీల ఖర్చు పెడుతుంది. గులాబీ పేజీలో కూడా లేని ఖర్చుని ఎవరు పెడతారు? నన్నడిగితే అంత పెద్దది అక్కర్లేదు. బిల్లులు వచ్చిన వరసలోనే చెల్లించాలి, ఆ వరస అందరికీ కనపడాలి. @క్లాస్_త్రీ నంబరు ఎంత, ఆయన ముందు ఎవరున్నారు, ఎవరు దాటిపోయారు. చందా అడిగేవాడి చేతిలో ఉన్న బెత్తం సగం అక్కడే విరుగుతుంది.

క్లాస్_త్రీ
అది చేస్తే నేను ఒక్క పార్టీకి కూడా ఇవ్వను. అందుకే చెయ్యరు.

మిర్చి_యార్డు
దీనికి మాత్రం ఒప్పుకుంటా. మా యార్డులో కమిషన్ ఏజెంట్లు ఇచ్చేది కూడా లైసెన్సు రెన్యువల్ ఆగకూడదనే.

సిమెంటు_కొట్టు
అభ్యర్థి ఆస్తులు, కాంట్రాక్టులు ఎక్కడ చూడాలి? మా దగ్గర సంఘం మీటింగు ఆదివారం. ఖాళీ చేతులతో వెళ్లదలచుకోలేదు.

చిట్టా_ఆడిటర్
ఎన్నికల సంఘం సైట్లో అఫిడవిట్ల పేజీ ఉంది. నియోజకవర్గం, ఏడాది ఎంచుకుంటే ఫారం 26 దిగుతుంది. ఆస్తులు, అప్పులు, కేసులు, వృత్తి, ఆదాయం ఎక్కడి నుంచి, ప్రభుత్వంతో కాంట్రాక్టులు, అన్నిటికీ గడులున్నాయి. భార్యాభర్తలిద్దరివీ చూడండి. అప్పుల గడి వదలకండి, ఎవరి దగ్గర తీసుకున్నారో అక్కడ ఉంటుంది.

పాలమూరు_పిల్లోడు
మా ఎమ్మెల్యేది ఇప్పుడే తెరిచా. నాలుగు కంపెనీల్లో షేర్లు, హైదరాబాద్‌లో మూడు ఇళ్లు, రెండు క్రషర్లు.

వృత్తి: వ్యవసాయం.

టీ_బ్రేక్
క్రషర్లో రాళ్లు పండిస్తాడేమో, తొందరపడి అనుమానించకు.